తిరుత్తణి ఎట్లా పోయింది, సత్యవేడు ఎట్లా వచ్చింది?

ఈ నెల సంచికకు మన క్లబ్‌లో ఇచ్చిన టాపిక్ ‘సరిహద్దులు’. నిజం చెప్పాలంటే నేను ముందు రాద్దామనుకున్నది పుత్తూరు గురించి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి మూడు నెలలు కూడా కాకముందే పోలండ్, చెకోస్లొవేకియా ఒక వారం రోజులు కొట్టుకున్నాయి. తెషిన్ అనే చిన్న ప్రాంతం కోసం. దాన్ని ‘ఏడు రోజుల యుద్ధం’ అంటారు. చిన్నది, ఆరంభం ఉంది, ముగింపు ఉంది, రెండు పేజీల్లో అయిపోతుంది. నాకు కావలసింది అదే!

సెలవులకు ఇంటికి వచ్చి, రాసింది మా అవ్వకు చదివి వినిపించాను. అవ్వ అంటే మా నాయన వాళ్ళమ్మ. తెలుగు చదవడం నాకు స్పీడుగా రాదు, అక్షరాలు కూడబలుక్కుంటా చదువుతుంటే ఆమె చింతపండు గింజలు తీస్తా విన్నది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

“ఆ ఊరోళ్ళు ఏ బాస మాట్లాడతారంట?”

“రెండూ కలిసే ఉండాయంట అవ్వా. ఇంట్లో ఒకటి, అంగట్లో ఒకటి.”

“అయితే మా ఊరి మాదిరే. దానికి అంత దూరం పోవాల్నా? తిరుత్తణి గలాటా రాయరాదా?”

తిరుత్తణి గలాటా అంటే ఏందో నాకు అప్పటిదాకా తెలియదు. ఇంజినీరింగ్‌కు వచ్చేదాకా ఆ రైల్లోనే తిరిగాను. పుత్తూరులో ఎక్కితే తడుకు, వేపగుంట, ఏకాంబరకుప్పం, ఆ తర్వాత బోర్డు మీద పట్టీపట్టనట్టు ఉండే వెంకటనరసింహరాజువారిపేట. దాని తర్వాత పొన్పాడి, తిరుత్తణి. పేట దాటాక బోర్డుల్లో తెలుగు పోయి తమిళం వస్తుంది. రైలు ఆగదు, పాస్‌పోర్టు అడగరు. అందుకే ఆ గీత ఎవరు గీశారని నేను ఎప్పుడూ అడగలేదు.

ముందు తెషిన్ సంగతి ముగిస్తాను, ఎందుకంటే మన కథ అర్థం కావడానికి అది పనికొస్తుంది. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కూలిపోయాక 1918 నవంబరు 5న అక్కడి పోలిష్, చెక్ స్థానిక కమిటీలు రెండూ కూర్చుని, ఎక్కడ ఎవరు ఎక్కువుంటే అది వాళ్ళదని తాత్కాలికంగా పంచుకున్నాయి. అయితే ఆ ప్రాంతంలో బొగ్గు గనులున్నాయి, ముఖ్యమైన రైలు మార్గం ఉంది. తమ వైపు పడిన ఊళ్ళలో కూడా ఎన్నికలు పెడతామని పోలండ్ ప్రకటించింది. ఎన్నికల తేదీ 1919 జనవరి 26. చెక్ సైన్యం జనవరి 23నే లోపలికి వచ్చేసింది. యుద్ధంలో గెలిచిన పెద్ద దేశాలు గట్టిగా చెప్పాక వారానికి ఆగింది. ప్రజల ఓటు పెడదామన్నారు, పెట్టలేదు. చివరికి 1920 జూలై 28న ఓల్జా నదిని గీత చేశారు. ఊరు రెండు ముక్కలైంది. పాత పట్నం పోలండ్‌కు, రైల్వే స్టేషన్ ఉన్న పక్క చెకోస్లొవేకియాకు. ఆ ఊళ్ళో 1911 నుంచి ట్రామ్ నడిచేది. 1921లో ఆపేశారు. ఊరు సగం ఒక దేశంలో, సగం ఇంకో దేశంలో ఉంటే ట్రామ్ ఏం నడుస్తుంది?

ఇందులో నాకు బాగా పట్టుకున్నది ఒక చిన్న విషయం. ‘ఎవరు ఎక్కువ’ అని లెక్క తేల్చడానికి వాళ్ళ దగ్గర ఉన్నది 1910 జనాభా లెక్క. ఆస్ట్రియా వాళ్ళు అందులో మాతృభాష అడగలేదు, ‘రోజూ వాడే భాష’ అడిగారు. ఆ రెండూ ఒకటి కావు కదా. నేను రోజూ కోడ్ రాసేది, పరీక్ష రాసేది ఇంగ్లీషులో. నన్ను ఆ ప్రశ్న అడిగితే నేను ఏ దేశం?

ఇప్పుడు మన సంగతి. ఇది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కథ, దేశాల మధ్య కాదు, రాష్ట్రాల మధ్య. సైన్యాలు రాలేదు. హర్తాళ్ళు, రైలు రోకోలు, జైళ్ళు ఉన్నాయి.

చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కొన్ని తాలూకాలు, కడప జిల్లా నుంచి కొన్ని తీసి కలిపారు. బ్రిటిష్ వాళ్ళు అది పాలన సులువు కోసం చేశారు, భాష చూసి కాదు. తిరుత్తణి, పుత్తూరు పక్కపక్కనే కార్వేటినగరం జమీందారీలో ఉన్న ఊళ్ళు. ఆ కార్వేటినగరం ఆస్థానంలోనే సారంగపాణి తెలుగులో పదాలు రాశాడు. అదే జమీందారీలోని తిరుత్తణి కొండ మీద ఉన్నది మురుగన్. మా ఇళ్ళల్లో ఇప్పటికీ ‘ఆడికృత్తిక’ అనే అంటాం. ఆడి తమిళ నెల, కావడి ఎత్తేది తెలుగు మాట్లాడే మా పెదనాయన. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టింది కూడా ఆ తిరుత్తణిలోనే, తెలుగు ఇంట్లో. ఇట్లాంటి చోట గీత గీయమంటే ఎక్కడ గీస్తారు?

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో దీక్షలో చనిపోయారు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించారు. అయితే వివాదం లేని తెలుగు ప్రాంతాలతోనే అన్నారు. మా సోషల్ పుస్తకంలో ఇక్కడి నుంచి నేరుగా 1953 అక్టోబరు 1కి, అక్కడి నుంచి 1956 నవంబరు 1కి దూకినట్టు నాకు గుర్తు. ‘వివాదం లేని’ అన్న ఒక్క మాట మీద ఎంత గొడవ అయిందో అందులో చదివిన జ్ఞాపకం లేదు.

మద్రాసు నగరం ఎవరిదనే గొడవ అందరికీ తెలిసిందే. దాని నీడలో నడిచిన రెండో గొడవ ఉత్తర సరిహద్దుది. ఇది తమిళుల పేరు, వాళ్ళకు ఇది ఉత్తరం, మనకు దక్షిణం. దాన్ని నడిపించినవారు మ.పొ. శివజ్ఞానం, తమిళులు మ.పొ.సి. అంటారు. 1946లో తమిళ్ అరసు కళగం పెట్టారు. తమిళ దేశానికి ఉత్తరాన వేంకటం, దక్షిణాన కుమరి హద్దులని తొల్కాప్పియం పాయిరంలో ఉంది కాబట్టి తిరుపతి దాకా తమిళులదే అన్నది ఆయన వాదన. కనీసం చిత్తూరు, పుత్తూరు, తిరుత్తణి తాలూకాలైనా ఇవ్వాలన్నారు. ఉద్యమం చేశారు, జైలుకెళ్ళారు. మనవాళ్ళకు ఆయన విలన్ లాగా కనిపించొచ్చు. కానీ మద్రాసు కోసం మనవాళ్ళు ఏం చేశారో పుత్తూరు కోసం ఆయనా అదే చేశారు.

అయినా 1953లో చిత్తూరు జిల్లా మొత్తంగా ఆంధ్రకే వచ్చింది. ఆంధ్ర రాష్ట్ర చట్టం చూస్తే పదకొండు జిల్లాల పేర్లుంటాయి, శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా. వాటితో పాటు బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు. ఇక్కడ ఆగి చూడండి. చిత్తూరుకు వచ్చేసరికి ‘జిల్లా’ను యూనిట్‌గా తీసుకున్నారు. బళ్ళారికి వచ్చేసరికి ‘తాలూకా’ను తీసుకున్నారు. జిల్లా యూనిట్ కాబట్టి చిత్తూరుతో పాటు తిరుత్తణి వచ్చింది. తాలూకా యూనిట్ కాబట్టి బళ్ళారి పట్నం పోయి మైసూరులో కలిసింది. భాష లెక్కలు ఎంత ముఖ్యమో, ఏ సైజు డబ్బాలో పోసి కొలిచామన్నదీ అంతే ముఖ్యం. ఈ గొడవ మొత్తంలో నాకు అర్థమైన అసలు పాయింట్ ఇదే, మిగతాదంతా దీని చుట్టూనే.

తర్వాత రెండు ప్రభుత్వాలూ మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నాయి. కేంద్రంలో న్యాయశాఖ చూసిన హరి వినాయక్ పాటస్కర్ ఆ పని చేశారు. ఆయన పద్ధతిని ఇప్పటికీ ‘పాటస్కర్ ఫార్ములా’ అంటారు. బెలగావి గొడవలో మహారాష్ట్ర వాళ్ళు ఈ రోజుకీ ఆ పేరే ఎత్తుతారు. అంటే మా పుత్తూరు పక్క పుట్టిన సూత్రం దేశమంతా తిరుగుతోందన్నమాట!

సూత్రం ఏమిటంటే, యూనిట్ ఊరు. జిల్లా కాదు, తాలూకా కాదు. ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువుంటే ఊరు ఆ రాష్ట్రానికి. కానీ ఆ ఊరు ఆ రాష్ట్రపు భూమికి ఆనుకుని ఉండాలి, మధ్యలో దీవి లాగా ఉండకూడదు. మన సీఎస్ఈ వాళ్ళకు ఇది చూడగానే తెలిసిపోతుంది. ప్రతి ఊరూ ఒక నోడ్, పక్కపక్క ఊళ్ళ మధ్య ఎడ్జ్, ప్రతి నోడ్‌కూ మెజారిటీతో ఒక రంగు, తర్వాత కనెక్టెడ్ కాంపొనెంట్స్. డేటా స్ట్రక్చర్స్‌లో గ్రాఫ్స్ అప్పుడు నిద్రపోయినవాళ్ళు కూడా దీన్ని రాసేయగలరు.

ఒక ఉదాహరణ. ఇవి నిజం లెక్కలు కావు, అర్థం కావడానికి నేను వేసుకున్నవి. ఒక తాలూకాలో మూడే ఊళ్ళు, ఊరికి వెయ్యి మంది అనుకుందాం. మొదటి ఊళ్ళో తెలుగువాళ్ళు 900, తమిళులు 100. రెండో ఊళ్ళో తెలుగువాళ్ళు 300, తమిళులు 700. మూడో ఊళ్ళో 400, 600. మొత్తం తెలుగువాళ్ళు 1600, తమిళులు 1400. తాలూకా యూనిట్ అయితే మూడు ఊళ్ళూ ఆంధ్రకే, 1400 మంది తమిళులు ‘అవతలి’ రాష్ట్రంలో పడతారు. ఊరు యూనిట్ అయితే ఒక ఊరే ఆంధ్రకు, రెండు మద్రాసుకు. అప్పుడు తప్పు పక్కన పడేవాళ్ళు 100 మంది తమిళులు, 700 మంది తెలుగువాళ్ళు, మొత్తం 800. చూశారా, 1400 నుంచి 800కు తగ్గింది. పాటస్కర్ పద్ధతి మెరుగే, ఒప్పుకోవాలి. కానీ సున్నా కాలేదు. ఇంకా చిన్న యూనిట్ తీసుకుని వీధి, ఇల్లు అనుకుంటూ పోతే సున్నా అవుతుందా అని రాత్రంతా ఆలోచించాను. మా అవ్వ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆమె దేవుడికి తెలుగులో మొక్కుతుంది, అంగట్లో తమిళంలో బేరం చేస్తుంది, తిట్టేది మాత్రం రెండిట్లోనూ. ఒక మనిషిని యూనిట్ చేసినా గీత ఆమె మధ్యలో నుంచే పోతుంది.

పాటస్కర్ నిర్ణయం మీద పార్లమెంటు 1959లో ‘ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం’ చేసింది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటుకు ఆ అధికారం ఉంది. తెషిన్‌కూ మనకూ ఉన్న పెద్ద తేడా ఇదే అనుకుంటాను. అక్కడ పైన వినేవాళ్ళు పారిస్‌లో ఉన్నారు, వాళ్ళు వినేలోపే తుపాకులు పేలాయి. ఇక్కడ రెండు పక్కలవాళ్ళూ ఒకే పార్లమెంటులో కూర్చున్నారు.

చట్టం 1960 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం, పళ్ళిపట్టు ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళి చెంగల్పట్టు జిల్లాలో కలిశాయి. బదులుగా ఆ జిల్లాలోని పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల నుంచి తెలుగు ఊళ్ళు మనకు వచ్చాయి. అవే సత్యవేడు తాలూకా అయ్యాయి. సేలం జిల్లా నుంచి కూడా కొన్ని ఊళ్ళు వచ్చాయి. చిత్తూరు, పుత్తూరు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మన సీనియర్లు ఇంటర్న్‌షిప్‌కని శ్రీసిటీకి పోతుంటారు కదా, ఆ సత్యవేడు పక్కే. గీత ఇంకోరకంగా పడి ఉంటే మన ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళు దాన్ని తమిళనాడు కంపెనీల లిస్టులో పెట్టేవాళ్ళు. ఇంకో తమాషా, రాధాకృష్ణన్ గారు అప్పుడు దేశానికి ఉపరాష్ట్రపతి. ఆయన సొంతూరే రాష్ట్రం మారింది.

అవ్వ పుట్టిల్లు పళ్ళిపట్టు దగ్గర ఒక పల్లె. 1947 మొదట్లో, స్వాతంత్ర్యానికి ముందే పుట్టింది. ఆమె పుట్టిన ఇంటి అడ్రసు ఎన్నిసార్లు మారిందో ఒక కాగితం మీద రాశాను. మద్రాసు ప్రెసిడెన్సీ, చిత్తూరు జిల్లా. ఆరేళ్ళకు ఆంధ్ర రాష్ట్రం. తొమ్మిదేళ్ళకు ఆంధ్రప్రదేశ్. పదమూడేళ్ళకు మద్రాసు రాష్ట్రం, చెంగల్పట్టు జిల్లా. 1969 జనవరి 14న రాష్ట్రం పేరు తమిళనాడు అయింది. 1997లో జిల్లా తిరువళ్ళూరు అయింది. ఇల్లు మాత్రం ఒక్క అడుగు కదల్లేదు, అదే అరుగు, అదే వేపచెట్టు. ఈలోగా ఆమె పెళ్ళై పుత్తూరు వచ్చేసింది. ఇక్కడైనా కుదురుగా ఉందా అంటే 2022 ఏప్రిల్ 4న పుత్తూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, పక్కనున్న నగరి చిత్తూరు జిల్లాలోనే ఉంది. మా ప్రాంతానికి ఈ ఏప్రిల్ నెలతో ఏం సంబంధమో!

“ఆ పొద్దు ఏమైంది అవ్వా, 1960లో?” అని అడిగితే ఏదో పెద్ద కథ వస్తుందని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకున్నాను.

“ఏమైతాది? పొద్దున్నే నీళ్ళకు పోతిమి. రూపాయి అదే, సంత అదే. మా నాయన మాత్రం రెండు దినాలు అన్నం తినలేదు. మీ తాతను అరవం బళ్ళో ఏస్తే గానీ ఇంక ఉద్యోగం రాదన్నాడు. ఏసినాడు.”

ఇక్కడ తాత అంటే ఆమె తమ్ముడు. మా వైపు తమిళాన్ని ‘అరవం’ అనడం మామూలే, అందులో ఎగతాళి లేదు. ఆయన తమిళం చదివి ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆయన పిల్లలూ తమిళమే చదివారు. ఇప్పుడు ఆయన మనవడు, నాకు బావ, నాకంటే రెండేళ్ళు పెద్ద. 2006లో తమిళనాడు చేసిన చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో క్లాసుకు తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది, బావ బడికి వెళ్ళింది ఆ తర్వాతే. ఇంట్లో మాత్రం పూర్తిగా తెలుగే. ఇటువైపు నగరిలో, ఏకాంబరకుప్పంలో నేతపని చేసే తమిళ ఇళ్ళల్లో ఇదే కథ తిరగేసి ఉంటుంది. ఇంట్లో తమిళం, బళ్ళో తెలుగు లేదా ఇంగ్లీషు. పైన నా లెక్కలో మిగిలిపోయిన ఆ 800 మంది వీళ్ళే. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. ఉండడం వేరు, ఊళ్ళో ఆ భాష అయ్యవారు దొరకడం వేరు.

బావ మీద జాలి పడదామనుకున్నాను గానీ పడలేకపోయాను. మేమిద్దరం వాట్సాప్‌లో తెలుగులోనే మాట్లాడుకుంటాం, ఇంగ్లీషు అక్షరాలతో. ఆయనకు తెలుగు అక్షరాలు నేర్పలేదు కాబట్టి ఆయన అట్లా రాస్తాడు. నేను పుత్తూరులో, గీతకు ‘సరైన’ వైపున పుట్టి, ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివి, అచ్చం ఆయన లాగే రాస్తాను. ఆయన చేతి నుంచి తెలుగు అక్షరం తీసింది ఒక చట్టం. నా చేతి నుంచి తీసింది ఎవరు? ఏ పాటస్కరూ రాలేదు. మా ఇంట్లోవాళ్ళే ఫీజు కట్టి మరీ పంపారు, నేనూ సంతోషంగా వెళ్ళాను. ఈ వ్యాసం టైప్ చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఒత్తుల దగ్గర అవ్వను అడిగాను, ఆమె నాలుగో తరగతి దాకా తెలుగులో చదువుకుంది.

2027లో జనాభా లెక్క ఉంది. మాతృభాష ఏదని అడుగుతారు కదా, ఏం చెప్తావు అన్నాను అవ్వతో. “తెలుగే” అన్నది, ఆలోచించకుండా. తర్వాత కాసేపు ఆగి, “మా తమ్మునింట్లో ఏం చెప్తారో కనుక్కో” అన్నది.

బావకు ఫోన్ చేశాను. ‘తెలుగు’ అనే చెప్తాడట. సరే అని ఈ వ్యాసం పంపించాను, చదివి తప్పులుంటే చెప్పమని. పది నిమిషాలకు మెసేజ్ వచ్చింది, చదవలేను కదరా, వాయిస్ పెట్టు అని. మర్చేపోయాను!

ఫ్యాన్ ఆపి, తలుపేసుకుని, మొదటి నుంచి మ.పొ.సి. దాకా చదివి పంపాను. ఆయన కూడా వాయిస్ పెట్టాడు. “మ.పొ.సి. పాఠం మాకు పదో క్లాసు తమిళంలో ఉండింది రా. మంచిగా రాసుంటాడు. ఈ పాటస్కర్ ఎవరు? ఆయప్ప పేరు నేను ఇనలేదే.”

పాటస్కర్ భాగం ఇంకా పంపలేదు. ఆదివారం అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని రికార్డ్ చేయాలి. ఆమె తమ్ముడు కూడా వింటాడంట.